మోటారు బండిలో నిప్పు

మోటారు బండి నిప్పుతో నడిచే యంత్రం. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి సిలిండరు లోపల మండుతున్నంతవరకు ఆ నిప్పు మనిషికి బంటు వలె పనిచేస్తుంది. అదే పెట్రోలు సిలిండరును చేరకముందే, చిల్లిపడిన గొట్టం దగ్గర, బానెట్ క్రింద అంటుకొన్నదా, కొద్ది నిమిషాలలో బండి అంతా బూడిద అవుతుంది. లోపలి నిప్పు బయటికి రాకుండా చూచుకొనుట, వస్తే ఆర్పుట అనే ఈ రెండు పనులకు మోటారు బండితో సమానమైన చరిత్ర ఉన్నది.

తొలి మోటార్లలో ఈ అపాయం ఎంత దగ్గరగా ఉండేదో నేటివారికి నమ్మశక్యం కాదు. 1886లో కార్ల్ బెంజ్ జర్మనీలో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో పెట్రోలును వెలిగించుటకు విద్యుత్తు వాడినాడు. అదే దేశంలో, అదే కాలంలో డైమ్లర్ తయారుచేసిన ఇంజనుకు మాత్రం వేరొక పద్ధతి ఉండేది. సిలిండరుకు ఒక సన్నని గొట్టం అమర్చి, దానిని బయటినుండి చిన్న దీపంతో ఎర్రగా కాల్చేవారు. అనగా పెట్రోలు తొట్టి ఉన్న బండిలోనే ప్రయాణం పొడవునా ఒక బహిరంగ జ్వాల వెలుగుతూ ఉండేది! బండి తలక్రిందులైతే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. 1902లో బాష్ సంస్థ అధిక వోల్టేజి మాగ్నెటోను, స్పార్కు ప్లగ్గును తెచ్చిన తర్వాతనే ఈ దీపాలు క్రమంగా తొలగిపోయినవి. మోటారు బండిలో అగ్ని భయాన్ని తగ్గించిన తొలి పరికరం నిప్పును ఆర్పేది కాదు, నిప్పును సరియైన చోట మాత్రమే పుట్టించేది.

పెట్రోలు ఇంత తొందరగా అంటుకొనుటకు కారణం దాని ఆవిరి. సున్నకు 40 డిగ్రీల దిగువన కూడ అది మండుటకు చాలినంత ఆవిరిని విడుస్తుంది. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. కనుక పైకి ఎగిరిపోక ఇంజను అడుగున పేరుకొంటుంది. నూరుపాళ్ల గాలిలో ఒకటిన్నర పాళ్ల ఆవిరి చేరినా ఒక్క మెరుపుతో మండుతుంది. డీజిలు కథ వేరు. మామూలు వేడిలో దానికి అగ్గిపుల్ల చూపినా సులభంగా అంటుకొనదు. కాని 210 నుండి 250 డిగ్రీల వేడి తగిలితే ఏ మెరుపూ లేకుండానే తనంతట తాను అంటుకోగలదు. ఇంజను నుండి పొగ వెడలే ఇనుప గొట్టం బరువు లాగేటప్పుడు నాలుగైదు వందల డిగ్రీలకు కాగుతుంది. కాబట్టి పెట్రోలు బండికి వైరింగులోని మెరుపు శత్రువైతే, డీజిలు బండికి సైలెన్సరు గొట్టం మీద పడే చుక్క శత్రువు.

నిప్పును ఆర్పే సాధనం మోటారుకంటె పాతది. ఇంగ్లండులో జార్జ్ విలియం మాన్బీ అనే సైనికోద్యోగి ఎడింబరో నగరంలో ఒక మేడ తగులబడుట కళ్లారా చూచినాడట. మంటలు పై అంతస్తులకు చేరిన తర్వాత క్రిందినుండి నీరు అందలేదు. మనిషి చేతితో మోసుకొని మంట మొదలైన చోటికే పోగల సాధనం కావాలని అతనికి అప్పుడు తోచినది. 1818 ప్రాంతంలో అతడు చేసిన రాగి పాత్రలో పొటాసియం కార్బొనేటు కలిపిన నీరు, దానిని చిమ్ముటకు ఒత్తిడిలో ఉంచిన గాలి ఉండేవి. 1866లో ఫ్రాన్సుకు చెందిన కార్లియే గాలిని కొట్టే శ్రమ కూడ లేకుండా చేసినాడు. సోడా నీటిలో ఆమ్లాన్ని కలిపితే పుట్టే కార్బన్ డయాక్సైడు ఒత్తిడితో నీరు తానే వెలికి చిమ్ముతుంది. పాఠశాల ప్రయోగశాలల గోడకు వ్రేలాడుతూ వచ్చిన శంఖాకారపు ఎర్ర డబ్బా దీని సంతతియే. తలమీది బొడిపెను నేలకు కొట్టగానే లోపలి గాజు సీసా పగిలి గంధకికామ్లం సోడియం బైకార్బొనేటు ద్రావణంలో కలిసేది.

ఈ సాధనాలు కట్టెకు, గుడ్డకు, కాగితానికి చక్కగా పనిచేసినవి. పెట్రోలు దగ్గరకు వచ్చేసరికి ఓడిపోయినవి. ఏలననగా వీటి బలమంతా నీటిలో ఉన్నది. పెట్రోలు నీటికంటె తేలిక. మండే పెట్రోలు మీద నీరు చిమ్మితే, నీరు అడుగుకు దిగి, పెట్రోలు దానిపై తేలుతూ, మండుతూనే నాలుగువైపులకు పారుతుంది.

మోటారు వారికి ప్రత్యేకమైన సాధనం 1910-11 సంవత్సరాలలో అమెరికానుండి వచ్చినది. పైరీన్ కంపెనీ తయారుచేసిన చిన్న ఇత్తడి పిచికారీలో కార్బన్ టెట్రాక్లోరైడు నింపేవారు. పిడిని ముందుకు వెనుకకు ఆడిస్తే ద్రవం చిమ్మి, వేడికి బరువైన ఆవిరిగా మారి మంటను కప్పివేసేది. విద్యుత్తును ప్రసరింపనీయదు, తడి మిగల్చదు. బండిలో ఇముడుతుంది. లక్షలాది మోటార్లలోకి అది ప్రవేశించినది. నేటికీ పాత కార్ల ప్రదర్శనలలో దానిని మెరుగుపెట్టి ఉంచుతారు. కాని దానిలో దాగిన దోషం చిన్నది కాదు. ఆ ఆవిరి కాలేయాన్ని, మూత్రపిండాలను చెరుస్తుంది. అంతేకాక కాగిన లోహం మీద, మంటలో అది ఫాస్జీన్ వాయువుగా కొంత మారుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులను చంపుటకు ప్రయోగించినది ఆ వాయువునే. మూసిన బండిలో కూర్చుండి దానిని వాడినవాడు మంటనుండి తప్పించుకొని విషానికి చిక్కవచ్చును.

తెలుగుదేశంలో ఈ చరిత్ర బస్సులతో విస్తరించినది. కరీంనగరు, జగిత్యాల ప్రాంతాలు అప్పుడు హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించినది. తరువాత ప్రభుత్వ బస్సు సంస్థగా పెరిగినది ఈ శాఖయే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను వచ్చుటతో దేశమంతటా బస్సులకు, లారీలకు బొగ్గు పొయ్యిలు అమర్చినారు. బొగ్గును చాలీచాలని గాలిలో కాల్చి, దానిపై నీటి ఆవిరిని పంపితే కార్బన్ మోనాక్సైడు, ఉదజని వెలువడతాయి. ఆ వాయువుతో ఇంజను నడిచేది. పెద్దలు ‘బొగ్గు బస్సు’ అని చెప్పుకొనేది ఇదే. బయలుదేరేముందు క్లీనరు చెమటలు కక్కుతూ చేతి ఫంకాతో పొయ్యి రాజేయవలసి వచ్చేది. డైమ్లర్ దీపం మానుకొన్న నలభై ఏండ్లకు మోటారు బండి మళ్లీ మండే నిప్పును వీపున మోసుకొని తిరిగినది! యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే జనం ఆ పొయ్యిలను వదిలించుకొన్నారు.

ఆర్పే సాధనాలలో తర్వాత వచ్చినవానిలో హాలన్ వాయువులు అత్యంత శక్తిమంతమైనవి. అవి మంటలోని రసాయన చర్య గొలుసునే తెంపివేస్తాయి. కాని వానిలోని బ్రోమిన్ ఆకాశంలోని ఓజోన్ పొరను తినివేస్తున్నదని తేలినందున, 1987 మాంట్రియల్ ఒప్పందం క్రింద సంపన్న దేశాలు 1994 నాటికి, వర్ధమాన దేశాలు 2010 నాటికి వాని ఉత్పత్తి నిలిపివేయవలసి వచ్చినది. చివరకు మోటారు బండికి నిలిచినది పొడి. నేడు కార్లలో పెట్టుకొనే ఎర్ర సిలిండరులో ముఖ్యంగా ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేటు పొడి. రైతులు చల్లే డి.ఎ.పి. ఎరువుకు ఇది దగ్గర చుట్టం. విషం కాదు, కాని కండ్లను, గొంతును మండిస్తుంది, లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. మంట ఆరిన తర్వాత ఇంజనును శుభ్రం చేయకతప్పదు.

సాధనం ఇంత ముందుకు వచ్చినా, దాని అవసరం ఎక్కువగా ఉన్న పాత బండ్లలోనే అది తరచు కనిపించదు. జగిత్యాల జిల్లా వెల్గటూరు వంటి మండలాన్ని తీసుకొనవచ్చును. గోదావరి ఒడ్డునున్న ఈ ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అట్టి ఎండలో పాత జీపు, పాత అంబాసిడరు, ధాన్యం మోసే పాత ట్రాక్టరు ఎట్లుంటాయో ఊహించవచ్చును. అంబాసిడరు తయారీ 1957లో మొదలై 2014లో ఆగినది. పాత నమూనాలలో పెట్రోలు పంపు, కార్బురేటరు ఇంజనును అంటిపెట్టుకొనియే ఉంటాయి. వానిని కలిపే రబ్బరు గొట్టం ఏండ్ల తరబడి వేడికి ఎండి పగుళ్లు వేస్తుంది. క్లిప్పు వదులవుతుంది. ఇటీవల పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఎథనాల్ కలుపుతున్నారు. కొన్ని పాతరకపు రబ్బర్లు, కార్కు ప్యాకింగులు ఎథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. ఇది చాలదన్నట్లు, కాలిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టుట మన మెకానిక్కులలో కొందరికి అలవాటు. ఫ్యూజు ఉన్నది తాను కాలి బండిని కాపాడుటకే గదా! దాని స్థానంలో తీగ పెడితే కాలేది వైరింగే. కోతల కాలంలో ఇంకొక బాధ. ఎండుగడ్డి సైలెన్సరు మీద చిక్కుకొని రాజుకొంటుంది.

చట్టం ఈ విషయంలో పెద్ద బండ్లవైపే ఎక్కువగా చూచినది, అదియు ప్రాణాలు పోయిన పిదప. 1997లో సుప్రీంకోర్టు పాఠశాల బస్సులలో అగ్నిమాపక సాధనం ఉండవలెనని ఆదేశించినది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, నాటి మహబూబునగర్ జిల్లా పాలెం వద్ద బెంగుళూరునుండి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొనగా ఇంధనపు తొట్టి పగిలి 45 మంది మరణించినారు. దూరప్రయాణపు కొత్త బస్సులకు ఇంజను గదిలో నిప్పును కనిపెట్టి తానే ఆర్పే ఏర్పాటును నిబంధనలు కోరినవి. 2022 జనవరిలో ప్రయాణికులు కూర్చుండే భాగానికి కూడ ఇట్టి రక్షణను విస్తరింపజేసినారు. అయినను 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, క్రింద ఇరుక్కొన్న మోటారు సైకిలును ఈడ్చుకొనిపోయిన బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయినారు. ఈ రెండూ ఇంజను దోషంవల్ల పుట్టిన మంటలు కావు. అంత మంటముందు చేతి సిలిండరు ఆగదు. అక్కడ తలుపులు, కిటికీలు, అద్దం పగులగొట్టే సుత్తి మాత్రమే ప్రాణం నిలుపుతాయి. కాని బానెట్ క్రింద మొదలయ్యే మంట అట్టిది కాదు. అది చిన్నదిగా పుట్టి, పొగవాసనతో ముందే హెచ్చరిక చేస్తుంది. చేతి సిలిండరుకు పని ఉన్నది సరిగ్గా ఆ మొదటి నిమిషంలోనే. కొత్త నిబంధనలు కొత్త బండ్లకే వర్తిస్తాయి గనుక, పదిహేనేండ్లు నిండి మరి ఐదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొన్న సొంత బండిలో ఆ సాధనం ఉండుటా, లేకుండుటా యజమాని చేతిలోని పని.

వాడే పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. పొగ కనబడగానే బానెట్ పూర్తిగా ఎత్తుట అందరికీ కలిగే ఊపు. అట్లా ఎత్తితే గాలి ఒక్కసారిగా లోపలికి పోయి, మంట ముఖంమీదికి లేస్తుంది. ముందు బండి ఆపి, ఇంజను కట్టివేసి, అందరినీ దింపవలె. తర్వాత బానెట్ కొక్కెం మాత్రం విడిపించి, వ్రేలెడు సందులోనుండి గాని, చక్రం ప్రక్కనుండి గాని పొడిని మంట మొదలు మీదికి చిమ్మవలె. రెండు కిలోల సిలిండరు పది సెకన్లు, మహా అయితే పదిహేను సెకన్లు వస్తుంది. కనుక గురి తప్పితే రెండవ అవకాశం లేదు. అది ఖాళీ అయినా మంట ఆరకపోతే బండిని విడిచి దూరంగా పోవలసిందే.

ఆ సిలిండరు డిక్కీలో సామానుల అడుగున ఉంటే ఉపయోగం లేదు. డ్రైవరు సీటు ప్రక్కన, ఎండ నేరుగా పడనిచోట బిగించి ఉండవలె. గుంతల దారిలో బండి అదురుకు లోపలి పొడి అడుగున గడ్డకట్టుతుంది. అందుకని నెలకొకసారి సిలిండరును తలక్రిందులు చేసి కుదపవలె. ముల్లు పచ్చగీటులో ఉన్నదీ లేనిదీ అప్పుడే కనబడుతుంది. పరీక్షకని ఒక్కసారి మీట నొక్కినవారు దానిని తిరిగి నింపించుకొనవలసిందే. వాల్వు సందున చిక్కిన పొడి అది గట్టిగా మూసుకొననీయదు. కొద్దిరోజులలో లోపలి వాయువంతా మెల్లగా కారిపోయి, ముల్లు ఎర్రగీటుకు దిగుతుంది.