ఇరవై ఎప్పుడూ ఇరవయ్యేనా?

ఏడాదికి ఎన్ని ఆటలు ఆడాలి?

వినడానికి ఎంత చిన్న ప్రశ్న! కాని ఈ ప్రశ్న మీద అమెరికాలో నూరేళ్ళుగా తగువు తెగడం లేదు. ఫుట్‌బాల్ గొడవ మనకెందుకమ్మా అని మీలో కొందరు అప్పుడే పేజీ తిప్పెయ్యబోతున్నారని నాకు తెలుసు. కాస్త ఆగండి. ఇది బంతి కథ కాదు, లెక్క కథ. ఒక్క జీతాన్ని ముప్ఫై రోజులకీ సర్దుకొచ్చే మనకి తెలిసినంత బాగా లెక్కల్లో మాయ ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

ముందు ఆ ఆటేమిటో చూద్దాం. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మన పిల్లలు కాలితో తన్నే బంతాట కాదు. బంతి కోలగా, రెండు కొసలూ మొనతేలి ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెడతాడు. అవతలి జట్టువాళ్ళు వాడిమీద పడి కూలదోస్తారు. తలకి శిరస్త్రాణం, భుజాలకి మెత్తలు, ఇంత సరంజామా ఉన్నా దెబ్బ తగలని ఆట ఉండదు. డల్లాసులోనో న్యూజెర్సీలోనో కూతురి పురుటికి వెళ్ళొచ్చిన తల్లులకి నేను చెప్పక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం అల్లుడుగారు టీవీ ముందునించి లేవకపోతే అది ఈ ఆట మహాత్మ్యమే.

1920లో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్ళో, ఒక కార్ల దుకాణంలో కొన్ని జట్లవాళ్ళు కూర్చుని ఈ లీగు పెట్టుకున్నారు. 1922 నించి దాని పేరు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. మొదట్లో ఎన్ని ఆటలాడాలన్న నియమమే లేదు. ఎవరికి వీలైనన్ని వాళ్ళు ఆడేవారు. 1925లో ఫ్రాంక్‌ఫర్డ్ జట్టు ఇరవై ఆటలాడితే, డేటన్ జట్టు ఎనిమిదింటితో సరిపెట్టుకుంది. ఫ్రాంక్‌ఫర్డ్ ఉన్న పెన్సిల్వేనియాలో ఆదివారం ఆటలు చట్టప్రకారం నిషిద్ధం. అంచేత వాళ్ళు శనివారం సొంత ఊళ్ళో ఆడి, రాత్రికి రాత్రి రైలెక్కి, ఆదివారం పొరుగు రాష్ట్రంలో ఆడేవారు. ఒళ్ళు నొప్పులు తీరేదెప్పుడో ఆ భగవంతుడికే తెలియాలి!

ఎన్ని ఆటలో ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో ఆ ఏడే తెలిసొచ్చింది. డిసెంబరులో పాట్స్‌విల్ అనే బొగ్గుగనుల ఊరి జట్టు షికాగో కార్డినల్స్‌ని వాళ్ళ ఊళ్ళోనే ఓడించింది. గెలిచిన ఆటల శాతం ఎక్కువున్న వాళ్ళకే కిరీటం. షికాగో వాళ్ళు ఊరుకోలేదు. శాతం పెంచుకోడానికి అప్పటికప్పుడు ఇంకో రెండాటలు ఏర్పాటు చేసుకున్నారు. అందులో ఒకటి మిల్వాకీ జట్టుతో. పాపం, ఆ జట్టువాళ్ళు ఆ ఏటికి ఆటలు ముగించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. మనుషులు చాలక నలుగురు హైస్కూలు కుర్రాళ్ళని పట్టుకొచ్చి ఆడించారు! షికాగోకి 59, మిల్వాకీకి సున్నా. సంగతి బయటపడ్డాక లీగువారు షికాగోకి వెయ్యి డాలర్ల జరిమానా వేశారు, మిల్వాకీ యజమానిని జట్టు అమ్ముకుని పొమ్మన్నారు. ఇంకో జట్టు హద్దుల్లోకి వెళ్ళి ప్రదర్శన ఆట ఆడారని పాట్స్‌విల్‌ని కూడా వెలివేశారు. ఆ కిరీటం తమదేనని ఆ ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

1932లో ఇంకో చోద్యం. సమానంగా ముగిసిన ఆటల్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. అందువల్ల పది ఆటలు గెలిచిన గ్రీన్ బే జట్టు పక్కకి తప్పుకోవలసి వచ్చింది. ఆరేసి గెలిచి, ఒక్కొక్కటే ఓడిన రెండు జట్లు కిరీటం కోసం తలపడ్డాయి. ఎక్కువ పని చేసినవాళ్ళకి ఎక్కువ ఫలం దక్కాలని లేదన్నమాట. ఈ సంగతి మనకి కొత్తా?

ఇలాంటివన్నీ అనుభవించాక 1936లో మొదటిసారి అన్ని జట్లూ సమానంగా పన్నెండేసి ఆటలాడాయి. మరుసటేడు అది పదకొండయింది. యుద్ధకాలంలో మగవాళ్ళు సైన్యంలోకి పోవడంతో 1943లో పదికి దిగింది. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ ఊళ్ళు చెరో జట్టు నిలబెట్టలేక ఇద్దరూ కలిసి ఒకే జట్టుగా ఆడింది ఆ ఏడే. 1947లో మళ్ళీ పన్నెండు. 1961లో పద్నాలుగు. అప్పటికి టెలివిజన్ వచ్చేసింది. లీగంతటి తరఫునా ఒకే బేరం మాట్లాడి టీవీ హక్కులు అమ్ముకోవచ్చని చట్టం వచ్చిందీ ఆ సంవత్సరమే. అక్కణ్ణించి ఒక్కో ఆటా ఒక్కో బంగారు కణిక.

ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. అసలు ఆటలు మొదలయ్యే ముందు ప్రతి జట్టూ కొన్ని నమూనా ఆటలాడుతుంది. వాటిలో గెలుపోటములు లెక్కకి రావు. పేరున్న ఆటగాళ్ళు కాసేపు కనిపించి పక్కన కూర్చుంటారు, కొత్త కుర్రాళ్ళని పరీక్షిస్తారు. నాటకానికి రిహార్సల్స్ లాగన్నమాట. 1977 దాకా అసలాటలు 14, నమూనా ఆటలు 6. మొత్తం 20. 1978లో అసలాటలు 16 చేసి, నమూనా ఆటలు 4కి తగ్గించారు. మొత్తం మళ్ళీ 20! "మేమేం పెంచలేదే! అవే ఇరవై ఆటలు" అన్నారు యజమానులు.

ఇరవైకి ఇరవై సరిపోయింది, నిజమే. కాని రిహార్సల్స్ రెండు తగ్గించి నాటకాలు రెండు పెంచితే నటుడి గొంతుకి రెండూ ఒకటేనా? ఇంటికి ఇద్దరు చుట్టాలు వచ్చి పప్పూ అన్నం తిని వెళ్ళడం ఒక ఎత్తు, అదే ఇద్దరికి పెళ్ళివంట వండి వడ్డించడం మరో ఎత్తు. లెక్క ప్రకారం రెండు చోట్లా విస్తళ్ళు రెండే.

వారపత్రికలకి సీరియల్ రాసేవాళ్ళకి ఇలాంటి లెక్క బాగా అనుభవం. పాఠకులకి నచ్చింది, ఇంకో ఆరు వారాలు పొడిగించమంటారు. సంతోషమే. కాని చచ్చిపోవలసిన మామగారు ఆస్పత్రిలో కళ్ళు తెరవాలి, రాజీపడిన తోడికోడళ్ళు మళ్ళీ కొట్టుకోవాలి. పొడిగిస్తే నా కథకి నీరసం వస్తుంది, అంతే. అక్కడ నీరసించేది మోకాలు, వెన్నెముక, మెదడు.

యజమానుల వాదనలో పస లేదని నేననను. నమూనా ఆటలకీ టిక్కెట్టు ఖరీదు పూర్తిగా పుచ్చుకుంటున్నారని ప్రేక్షకులు విసుక్కునేవారు. ఆటలు పెరిగితే టీవీ డబ్బు పెరుగుతుంది, అందులో ఆటగాళ్ళకీ వాటా ఉంటుంది. కాని ఆ వాటా ఎంతన్నదే పేచీ. 1982లో వాటా కోసం ఆటగాళ్ళు 57 రోజులు సమ్మె చేశారు. పదహారు ఆటలు తొమ్మిదికి కుదించుకుపోయాయి. 1987లో మళ్ళీ సమ్మె. ఈసారి యజమానులు దారినపోయే ఆటగాళ్ళని పిలిచి మూడు వారాలు ఆడించారు, వాటినీ లెక్కలో కలిపేసుకున్నారు. ఆ ఏడు పదిహేను ఆటలు.

ఇంతలో లెక్కల్లోకి రాని సంగతి ఒకటి బయటికొచ్చింది. పిట్స్‌బర్గ్ జట్టులో పేరు మోగించి, మొత్తం పదిహేడేళ్ళు ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్ళకే చనిపోయాడు. చివరి రోజుల్లో మతి చెదిరిపోయింది, ఉండడానికి ఇల్లు లేదు. ఆయన మెదడుని నైజీరియాలో పుట్టిన బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల జాడలు అందులో ఉన్నాయని 2005లో ప్రకటించాడు. లీగువారి డాక్టర్లు కొట్టిపారేశారు. తర్వాత వేలమంది మాజీ ఆటగాళ్ళు దావాలు వేశారు, కోట్ల డాలర్ల పరిహారానికి లీగు ఒప్పుకోక తప్పలేదు. ఎన్నేళ్ళు ఆడితే ముప్పు అంత పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కన్నబిడ్డల పేరు మరిచిపోతున్న మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భార్యలు పడిన బాధని ఏ లెక్కలో వెయ్యాలి?

2011లో యజమానులు 18 ఆటలు కావాలన్నారు. ఆటగాళ్ళు ససేమిరా అన్నారు. నాలుగు నెలలపైన తాళాలు వేసి కూర్చున్నాక యజమానులు ఆ కోరిక వదులుకున్నారు. పైగా రోజుకి రెండుపూటలా ఒళ్ళు హూనమయ్యే సాధన రద్దయింది.

2020లో కొత్త ఒప్పందం వచ్చింది. కనీస జీతం పెంచుతాం, పదిహేడో ఆటకి ఒప్పుకోండి అన్నారు. పెద్ద పేరున్న ఆటగాళ్ళు కొందరు బాహాటంగా వద్దన్నారు. కాని చిన్న జీతగాడి మాటేమిటి? ఆటగాళ్ళ సంఘం లెక్క ప్రకారం ఒకడు సగటున ఆడేది మూడేళ్ళ పైచిలుకు మాత్రమే. ఆ మూడేళ్ళలోనే ఇల్లు కట్టుకోవాలి, తల్లికింత పెట్టాలి. రేపటి మోకాలి సంగతి రేపు చూసుకుందాం అనుకుంటే వాణ్ణి ఎలా తప్పుపట్టగలం? ఓట్లు లెక్కపెడితే ఒప్పందానికి అనుకూలం 1,019, ప్రతికూలం 959. ముప్ఫయ్యొక్కరు అటునించి ఇటు తిరిగి ఉంటే ఒప్పందం వీగిపోయేది. 2021 నించి పదిహేడు ఆటలు, మూడు నమూనా ఆటలు. పదిహేడూ మూడూ ఎంత? మీరే చెప్పండి.

ఆ పదిహేడు వచ్చిన రెండో సీజనులో, 2023 జనవరి 2 రాత్రి సిన్సినాటిలో బఫెలో జట్టు కుర్రాడు డామార్ హామ్లిన్ ఎదుటివాణ్ణి పడగొట్టి లేచి నిలబడ్డాడు. మరుక్షణం వెనక్కి విరుచుకుపడ్డాడు. గుండె ఆగిపోయింది. మైదానంలోనే గుండె నొక్కి ప్రాణం నిలబెట్టారు. జట్టువాళ్ళు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చారు. ఆట చూడ్డానికొచ్చిన తల్లి మైదానంలోకి వచ్చి, కొడుకుతో అంబులెన్సులో ఆస్పత్రికి వెళ్ళింది. ఆ ఆట రద్దయింది, మళ్ళీ ఆడలేదు. ఆ ఏడు ఆ రెండు జట్లూ పదహారే ఆడాయి. ఒక ఆట పెంచడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. తగ్గడానికి ఒక్క తల్లి ప్రాణం విలవిల్లాడితే చాలింది. దాంతో కొంపలేం మునగలేదు, ఎవరూ కిరీటం చెల్లదనలేదు. పిల్లవాడు బతికి బట్టకట్టి, మరుసటి సీజనులో మళ్ళీ ఆటకి దిగాడు.

2024లో లీగు అధిపతి రోజర్ గూడెల్ పద్దెనిమిది ఆటలు, రెండు నమూనా ఆటల మాట బాహాటంగా ఎత్తాడు. 2020 నాటి ఒప్పందం 2030 సీజను దాకా ఉంది. దాని ప్రకారం ఆటగాళ్ళ అంగీకారం లేకుండా పద్దెనిమిదో ఆట పెట్టడానికి వీల్లేదు. యజమానులు మళ్ళీ అదే పలక పట్టుకొస్తారు, పద్దెనిమిదీ రెండూ ఇరవయ్యేగా అని. కూడిక తప్పు కాదు. కాని 2011లోనూ 2020లోనూ అంకె మీద బేరం జరిగినప్పుడు బల్లకి ఒకవైపు యజమానులూ, రెండోవైపు ఆటగాళ్ళూ కూర్చున్నారు. ఆ అంబులెన్సులో కూర్చున్నావిడకి మాత్రం అక్కడ ఇంకా కుర్చీ వెయ్యలేదు.