హార్డు డిస్కులలో స్థలనిర్వహణము

హార్డు డిస్కు అనునది, విద్యుత్తు ఆగిన పిమ్మటను సమాచారమును చెక్కుచెదరక నిలుపుకొను అయస్కాంత ఫలకముల పేటిక. ఆ పేటికలోని చోటును ప్రోగ్రాములకును, మనము కూర్చుకొనిన ఫైళ్లకును పంచుట, చాలనప్పుడు ఒక డిస్కునుండి మరియొక డిస్కునకు తరలించుట, అక్కరలేనివానిని తొలగించుట అను పనులన్నియు కలిసి స్థలనిర్వహణ మనబడును. దీని చరిత్రను కేవలము డిస్కుల పరిమాణము పెరిగిన కథగా చదువుట కద్దు. కాని సారమంతయు వేరొకచోట నున్నది: ఒక ఫైలు పేరును అది నివసించు చోటునుండి విడదీయుటకై అరువది యేండ్లుగా సాగిన ప్రయత్నమే ఈ చరిత్ర.

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున పనిచేసిన ఐ.బి.ఎమ్. బృందము రూపొందించిన 'రామాక్' యంత్రము 1956 సెప్టెంబరులో వెలువడెను. దాని డిస్కు పేటికలో 24 అంగుళముల వ్యాసముగల 50 ఫలకములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచుండెడివి. టన్నుకు మించిన బరువుగల ఆ పేటికలో ఇమిడినవి 50 లక్షల అక్షరములు. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు చాలీచాలని చోటు. నాడు సమాచారమునకు పేరు లేదు, చిరునామా మాత్రమే. ఏ ఫలకము, అందు ఏ వలయము, ఆ వలయమున ఏ ఖండము అని అంకెలలో చెప్పినగాని యంత్రము వెదకిపెట్టెడిది కాదు. 1962లో వచ్చిన 1311 నమూనాలో ఫలకముల కట్టను ఊడదీసి మరియొక కట్టను అమర్చు వీలు కలిగినందున, చోటు చాలకున్న కట్టను మార్చుటయే పరిష్కార మయ్యెను.

న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థామ్సన్, డెనిస్ రిచీలు 1969లో ఆరంభించిన యూనిక్స్ అను నిర్వహణవ్యవస్థ ఇంతకంటె మేలైన త్రోవ చూపెను. మల్టిక్స్ అను పూర్వవ్యవస్థనుండి గ్రహించిన వృక్షాకారపు డైరెక్టరీ పద్ధతిలో డిస్కులెన్ని యున్నను వేరు ఒక్కటియే. రెండవ డిస్కును ఆ వృక్షపు కొమ్మకు అంటుగట్టినట్లు తగిలించుటను మౌంటు చేయుట అందురు. కొలది కాలమునకే మొదటి డిస్కు నిండిపోగా, వాడుకరుల సొంత ఫైళ్లకై రెండవ డిస్కున ఉంచిన 'యు.ఎస్.ఆర్.' అను కొమ్మలోనికి వ్యవస్థకు చెందిన ఆజ్ఞలను కూడ చేర్చవలసివచ్చెను. వాడుకరుల ఫైళ్లు తరువాత వేరుచోటికి పోయినను, ఆజ్ఞలు మాత్రము అచ్చటనే నిలిచినవి; నేటి లినక్స్ కంప్యూటరు తెరచి చూచినను ఆ పేరు అట్లే కనబడును.

ఇంటి కంప్యూటర్లు ఈ త్రోవను అనుసరింపలేదు. గ్యారీ కిల్డాల్ రచించిన సి.పి./ఎమ్. అను నిర్వహణవ్యవస్థనుండి డాస్ అను వ్యవస్థ గ్రహించిన పద్ధతిలో ప్రతి డ్రైవునకు ఒక అక్షరము పేరు. ఏ, బి అక్షరములు ఫ్లాపీలకు చెందగా, 1983లో 10 మెగాబైట్ల హార్డు డిస్కుతో ఐ.బి.ఎమ్. పి.సి. ఎక్స్.టి. వచ్చినపుడు దానికి సి అను అక్షరము దక్కెను. ఫైలు పేరునకు ముందు ఆ అక్షరము చేరుటచే చోటు పేరులో భాగమై కూర్చున్నది. తరువాతి చిక్కులలో పెక్కింటికి మూలమిదియే యని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ కాలపు ఫ్యాట్ పద్ధతి డిస్కును క్లస్టరులనబడు సమాన ఖండములుగా కోసి, ఏ ఖండము ఏ ఫైలునకు చెందినదో ఒక పట్టికలో వ్రాసికొనెడిది. పదహారు బిట్ల పట్టికలో 65 వేల పైచిలుకు ఖండములకే లెక్క కుదురును గనుక, డిస్కు పెద్దదగు కొలది ఖండమును పెద్దది చేయక తప్పలేదు. 2 గిగాబైట్ల డ్రైవులో ఒక్కొక్క ఖండము 32 కిలోబైట్లు. పది పంక్తుల జాబు ఒకటి వ్రాసి దాచినచో, అది వేయి బైట్లయినను నిండనిదైనను, 32 కిలోబైట్ల గది మొత్తము దానిదే యగును. అట్టి జాబులు వేయి దాచినచో ఒక మెగాబైటు వ్రాతకు 31 మెగాబైట్లకు పైబడిన చోటు చెల్లిపోవును. డిస్కును చిన్న పార్టిషనులుగా విభజించినచో ఖండములు చిన్నవై ఈ వృథా తగ్గెడిది. 1996లో వచ్చిన ఫ్యాట్32 ఈ బాధను చాలవరకు తీర్చెను. అంతకుముందే, 1993లో, ఫైళ్లను నొక్కి చోటును ఇంచుమించు ఇబ్బడిగా చూపు డబుల్‌స్పేస్ అను సాధనమును మైక్రోసాఫ్టు డాస్ 6తో ఇచ్చెను. ఆ విద్యలో తమ పేటెంటులకు భంగము కలిగినదని స్టాక్ ఎలక్ట్రానిక్స్ వ్యాజ్యము వేయగా, 1994లో జ్యూరీ 12 కోట్ల డాలర్ల పరిహారము నిర్ణయించెను.

మన యెడ ఈ పార్టిషను పద్ధతి వృథాను తగ్గించుటకంటె భద్రతకై వేరూనెను. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి బజారులలో విడిభాగములు కొని బిగించిన కంప్యూటరునకు సి, డి, ఇ అని డ్రైవులు చేసి యిచ్చుట సర్వసాధారణము. సి లో విండోస్, డి లో పాటలు, పెండ్లి ఫొటోలు, ఇ లో బ్యాకప్. వైరసు సోకినచో సి ని మాత్రము ఫార్మాటు చేసి తక్కినవానిని దక్కించుకొనవచ్చుననుట దీని యుక్తి. యుక్తి మంచిదే, కాని డిస్కే చెడినచో మూడును కలిసియే పోవునను సంగతి పలువురకు ఆలస్యముగా తెలిసినది. సి ఎప్పుడును ముందుగా నిండెడిది. ప్రోగ్రాములన్నియు అడుగకయే అందులోని 'ప్రోగ్రామ్ ఫైల్స్' లో దిగుటయు, వాని ఉనికి రిజిస్ట్రీ అను చిట్టాలో సి అక్షరముతో సహా నమోదగుటయు విండోస్ 95 నుండి స్థిరపడిన ఆచారము. ఆ ఫోల్డరును లాగి డి లో వేసినచో, పాత చిరునామాకే పోయిన పిలుపు తిరిగివచ్చును, ప్రోగ్రాము తెరచుకొనదు. ఆపిల్ మాకింటాషులో ప్రోగ్రామును పెక్కుమారులు ఒకే మూటగా ఉంచుటచే అట్టి తరలింపు సులభము.

ఒకచోటికి పోయిన పిలుపును వేరుచోటికి మళ్లించు జంక్షనులు విండోస్ 2000లోను, సింబాలిక్ లింకులు విస్టాలోను రాగా ముడి వదలుట మొదలయ్యెను. ఫోల్డరును ముందు డి లోనికి ప్రతి చేసి, ప్రతి సరిగా ఉన్నదని చూచుకొని, సి లోని అసలును తొలగించి, ఆ పాతచోట అదే పేరుతో జంక్షను నొకదానిని నెలకొల్పవలెను. ప్రోగ్రాము పాతయింటి తలుపు తట్టును, వస్తువు క్రొత్తయింటినుండి అందును. వరుస తప్పినచో ఫైళ్లకే మోసము. వేగము మెండై చోటు కొంచెమైన ఎస్.ఎస్.డి.లు సి స్థానమును, చోటు మెండైన హార్డు డిస్కులు డి స్థానమును ఆక్రమించిన పిమ్మట ఈ ఉపాయమునకు గిరాకి పెరిగినది.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. 1 టెరాబైటు అని కొనిన డిస్కు విండోసులో 931 గిగాబైట్లుగా కనబడుట చూచి మోసపోయితిమని బాధపడువారు కలరు. తయారీదారు వేయిచొప్పున లెక్కించును, విండోస్ 1,024 చొప్పున లెక్కించును. బైటు ఒక్కటియు తరుగలేదు.

పేరును చోటునుండి విడదీయు ప్రయత్నము ఇతరత్రా కూడ సాగెను. సన్ సంస్థవారి జెడ్.ఎఫ్.ఎస్. 2005లో డిస్కులన్నిటిని ఒకే చెరువుగా కలిపి, ఎవరికి కావలసినంత నీరు వారు తోడుకొను పద్ధతిని తెచ్చెను. 2017లో మాక్ కంప్యూటర్లకు వచ్చిన ఏ.పి.ఎఫ్.ఎస్. ఒకే డిస్కులోని విభాగములు ఖాళీచోటును ఉమ్మడిగా వాడుకొనునట్లు చేసెను. విండోస్ 10నందు 2015 నవంబరునుండి స్టోరు ద్వారా దిగిన అనేక యాప్‌లను సెట్టింగులలోని ఒక్క మీటతో వేరు డ్రైవునకు పంపవచ్చును. పాతతరపు ప్రోగ్రాములకు ఆ మీట లేదు, వానిని తొలగించి క్రొత్తచోట మరల ఇన్‌స్టాల్ చేసికొనవలసినదే. బయటి డిస్కునకు పంపిన యాప్ ఆ డిస్కు తీగ ఊడినంతనే తెరచుకొనుట మానును. మరల తగిలించినచో తన అమరికలతో యథాప్రకారము పనిచేయును.