జ్ఞానస్నానం, బాప్తిస్మం: చిత్తూరు సీమలో రెండు క్రైస్తవ దారులు

చిత్తూరు సీమలో ప్రొటెస్టెంటు ఇంట పుట్టినవారు కతోలికులు కావడాన్ని మతం మారడం అనలేం. వాళ్లు నమ్మే క్రీస్తు మారడు, సువార్తలు మారవు. మారేది చేరిన సభ, చేసే ఆరాధన, దానితోపాటు రోజూ నోట పలికే మాటలు. ప్రొటెస్టెంట్ల ‘బాప్తిస్మం’ కతోలికులకు ‘జ్ఞానస్నానం’. ‘సంఘం’ ‘శ్రీసభ’ అవుతుంది. ‘ప్రభురాత్రి భోజనం’ స్థానంలో ‘దివ్యసత్ప్రసాదం’ వస్తుంది. పాస్టరు గారి చోట ఫాదరు, పాస్టరేటు చోట ‘విచారణ’ ఉంటాయి. ఒకే భాష మాట్లాడే ఒకే ఊరి క్రైస్తవులకు ఇలా రెండు పదకోశాలు ఏర్పడడానికి కారణం ఈ సీమ చరిత్రలోనే ఉంది. రెండు సభలూ ఇక్కడికి తమిళ దేశం మీదుగానే వచ్చాయి. కానీ ఆ రెండు రాకలకూ నడుమ నూటయాభై ఏళ్లకు పైగా ఎడం ఉంది.

ముందు వచ్చినవారు కతోలికులు. 1606లో మదురై చేరిన రాబర్టో డి నోబిలి అనే ఇటలీ జెస్యూటు గురువు కావి కట్టి, శాకాహారం తింటూ, సన్యాసిలా బతికి బోధించాడు. ఆ పద్ధతినే తెలుగు నేలకు తేవాలని ఫ్రెంచి జెస్యూట్లు 18వ శతాబ్దం మొదట్లో కర్ణాటక మిషన్ పెట్టారు. మదురై మిషన్‌లో పనిచేసి వచ్చిన బూషే దానికి పెద్ద. మోదుయి, దె ల ఫొంతేన్, లె గాక్ అందులో పనిచేసిన గురువులు. ఘాట్ల మీద వాళ్లు కాలూనిన తొలి తెలుగు ఊళ్లలో పుంగనూరు ఒకటి. స్థానిక పాలకుల అనుమానాలు, మరాఠా దండయాత్రలు, కరువులు ఆ మిషన్‌ను వదలలేదు. గురువులు ఆచారాల విషయంలో స్థానిక పద్ధతులకు మరీ తలవంచారన్న వివాదం రోము దాకా వెళ్లింది. 1744లో పోపు 14వ బెనెడిక్టు ఇచ్చిన శాసనంతో ఆ వెసులుబాటు చాలావరకు పోయింది. 1773లో జెస్యూటు సభే రద్దయింది. 1776 నుంచి పారిస్ విదేశీ మిషన్ గురువులు ఆ పని చేపట్టారు. ఈలోగా రాయలసీమ కతోలిక రెడ్డి కుటుంబాలు అనేకం గుంటూరు సీమకు తరలిపోయాయి.

ఆ తొలి కాలపు గుర్తులు నేటికీ పేర్లలో మిగిలాయి. పేతురు కతోలికుల ఇళ్లలో రాయప్ప అయ్యాడు. పేతురు అనే గ్రీకు పేరుకు రాయి అని అర్థం కనుక ఈ పేరు తెలుగు చెవికి ఇట్టే పట్టుబడుతుంది. పౌలు పేరుకు లాటిన్‌లో చిన్నవాడు అని అర్థం, అందుకే అతడు చిన్నప్ప. ఇగ్నేషియస్ ఇన్నయ్యగా, జేవియర్ శౌరిగా, జోసెఫ్ జోజప్పగా మారారు. ఇన్నారెడ్డి, శౌరెడ్డి లాంటి పేరు వినగానే అది ఏ సభ ఇల్లో తెలుగువారికి తెలిసిపోతుంది. దేవుణ్ణి ‘సర్వేశ్వరుడు’ అనడమూ నోబిలి సంప్రదాయం నుంచి వచ్చిందే. క్రీస్తు కథను ప్రబంధంగా చెప్పిన మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ కూడా 18వ శతాబ్దపు కతోలిక వాతావరణంలో పుట్టిన కావ్యమే. తెలుగు సాహిత్య చరిత్రల్లో దానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

ప్రొటెస్టెంట్లు వచ్చేనాటికి కాలం మారింది. కుంపిణీ పాలన, అచ్చుయంత్రం, ఇంగ్లీషు వైద్యం అప్పటికే వచ్చాయి. అమెరికా రిఫార్మ్‌డ్ సభకు చెందిన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్ స్థాపించారు. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రమైన చిత్తూరు దాని స్థావరాల్లో ఒకటి. 1863లో జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెలో తెలుగు పని మొదలుపెట్టాడు. వైద్యుడు, బోధకుడు అయిన ఆయన తెలుగు బైబిలు సవరణ సంఘంలో ఏళ్ల తరబడి కూర్చున్నాడు, 1908లో మరణించాడు. పుంగనూరుకూ మదనపల్లెకూ దూరం 20 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక ఊరు కావిబట్ట కట్టిన జెస్యూట్లను చూసింది, మరో ఊరు మందుల పెట్టెతో వచ్చిన అమెరికా దొరను చూసింది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు పనిచేసింది జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్. 1865లో సూళ్లూరుపేటలో ఆగస్ట్ మిలియుస్ దాన్ని మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనులు వెళ్లిపోవలసి రావడంతో 1920లో అమెరికాలోని ఒహాయో సినడ్ దాన్ని చేపట్టింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘం దాని వారసురాలే. ఆర్కాట్ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే జనం నోట సీఎస్ఐలో, కలిశాయి.

ఈ రెండు సభల తేడాలో కులాన్ని చూడకపోతే సగం కథే చెప్పినట్టు. జెస్యూట్లు పైకులాల వాకిళ్ల నుంచి మొదలుపెట్టారు. ప్రొటెస్టెంటు మిషన్లలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. 1876-78 కరువు కాలంలో, ఆ తర్వాత ఈ చేరిక బాగా పెరిగింది. అక్షరం, ఆసుపత్రి, గౌరవం ఆ పల్లెలకు మిషన్ కాంపౌండు గుండానే వచ్చాయి. అందుకే ఒక సభ వదిలి మరో సభకు వెళ్లడం తాతలకు చదువు చెప్పిన ఇంటిని వదలడంలా బరువుగా తోస్తుంది. తర్వాతి కాలంలో కతోలిక సభ కూడా దళితుల్లోకి విస్తరించింది. కడప మేత్రాసనం (డయాసిస్) 1976లో ఏర్పడింది, చిత్తూరు జిల్లా దాని కిందికి వచ్చింది. ఒక సభ నుంచి మరో సభకు మారడం ప్రభుత్వ కాగితాల్లో మాత్రం కనిపించదు. క్రైస్తవులైన ఎస్సీలు ఏ సభలో ఉన్నా రాష్ట్రం లెక్కలో బీసీ-సీలే.

సభ మారేవారి కారణాలు ఒక్కతీరుగా ఉండవు. చాలా ఇళ్లలో అది పెళ్లితో ముడిపడుతుంది. కొందరిని చదువు తీసుకెళుతుంది. ఇంగ్లండులో ఆంగ్లికన్ గురువుగా పేరుపొందిన జాన్ హెన్రీ న్యూమన్ తొలి శతాబ్దాల సభాపితరులను చదువుతూ చదువుతూ 1845 అక్టోబరు 9న కతోలిక సభలో చేరాడు. బెంగాల్‌కు చెందిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ 1891లో ముందు ఆంగ్లికన్ల చేత బాప్తిస్మం పొంది, కొద్ది నెలల్లోనే కతోలికుడయ్యాడు. వాక్యం వినడమే ఆరాధనలో ప్రధానమైన చోట పెరిగిన మనిషిని కతోలికుల ఆరాధన అయిన బలిపూజలోని మౌనం, మోకరింపు, ధూపం కదిలించడమూ ఉంది.

రెండో వాటికన్ మహాసభకు ముందు ఇలా వచ్చినవారి పాత బాప్తిస్మం మీద సందేహం ఉంటే షరతుతో మళ్లీ జ్ఞానస్నానం ఇచ్చేవారు, పాత నమ్మకాలను విడనాడుతున్నానని ప్రమాణం చేయించేవారు. ఆ మహాసభ 1964లో ఇచ్చిన సభైక్య శాసనం ఈ దృష్టిని మార్చింది. 1972లో వచ్చిన కొత్త క్రమం ప్రకారం, నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామాన జరిగిన సీఎస్ఐ, లూథరన్ బాప్తిస్మాన్ని తిరిగి ఇవ్వరు. చెరువులో ముంచి ఇచ్చినదైనా ఆ నామాన జరిగితే చెల్లుతుంది. కేవలం యేసు నామాన ఇచ్చినది మాత్రం చెల్లదు. కాబట్టి విచారణ గురువు మొదట అడిగేది పాత సంఘం ఇచ్చిన బాప్తిస్మ పత్రం.

తర్వాత కొన్ని నెలలు ఉపదేశం సాగుతుంది. ప్రొటెస్టెంట్లకు సంస్కారాలు రెండు, ఇక్కడ ఏడు. బైబిల్లో పుస్తకాలు 66 నుంచి 73 అవుతాయి. చిన్నప్పుడు ఆదివారపు బడిలో వినని తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు ఇప్పుడు పేజీల మధ్య కనిపిస్తాయి. శ్రమకాలం ‘తపస్సు కాలం’ అవుతుంది, విభూది బుధవారం నాడు నుదుట బూడిద పడుతుంది. అన్నిటికన్నా కష్టమైనవి మరియమాతను వేడుకోవడం, గురువు చెవిలో పాపాలు చెప్పుకోవడం. దేవునికీ మనిషికీ నడుమ క్రీస్తు తప్ప ఎవరూ లేరని నేర్చి పెరిగిన మనసుకు ఈ రెండూ తేలిగ్గా లొంగవు. మరియమ్మకు చేసేది ఆరాధన కాదని, తల్లిని తోడు ప్రార్థించమని అడగడమని ఉపదేశకులు వివరిస్తారు. చేతిలో జపమాల మాత్రం మొదట్లో పరాయిగానే ఉంటుంది. 59 పూసల్లో ఏది మంగళవార్త జపానిదో, ఏది పరలోక జపానిదో వేళ్లకు తెలియడానికి రోజులు పడుతుంది.

చేర్చుకునే రోజు తంతు చిన్నదే. ముందుగా పాపసంకీర్తనం, అంటే గురువుకు పాపాలు చెప్పుకోవడం, ముగించుకున్న అభ్యర్థి పూజ మధ్యలో పీఠం ముందుకు వస్తాడు. విశ్వాస సంగ్రహం అందరితో కలిసి చెబుతాడు. ఆపైన కతోలిక శ్రీసభ బోధించేదంతా నమ్ముతున్నానని ఒక్క వాక్యం తానొక్కడే పలుకుతాడు. గురువు తల మీద చేయి ఉంచి, బొటనవేలితో పరిమళ తైలం తీసి నుదుట సిలువ గీస్తాడు. అదే భద్రమైన అభ్యంగనం. కాసేపటికి అదే మనిషి మిగిలినవారితో వరుసలో నిలబడి తొలిసారి దివ్యసత్ప్రసాదం అందుకుంటాడు. పాత బాప్తిస్మం జరిగిన తేదీ, ఆ సంఘం పేరు విచారణ రిజిస్టరులో ఈ రోజు తేదీ పక్కనే నమోదవుతాయి.