బొబ్బిలి యుద్ధం: కథ ఎవరి నోట వస్తే వీరుడు వాళ్లవాడే

బొబ్బిలి యుద్ధం అనగానే మన కళ్లముందు కదిలేది తాండ్ర పాపారాయుడు. రాజాం నుంచి ఆలస్యంగా వచ్చి, కాలిపోయిన కోట చూసి, రాత్రివేళ విజయనగరం రాజు డేరాలో దూరి కసితీరా పొడిచిన వీరుడు. చిన్నప్పుడు బుర్రకథ విన్నవాళ్లు కూడా ఇంతవరకు తడుముకోకుండా చెబుతారు. కానీ ఈ యుద్ధాన్ని వివరంగా అచ్చులోకి ఎక్కించిన తొలి చరిత్రకారుల్లో ఒకడైన రాబర్ట్ ఓర్మ్ గ్రంథంలో పాపారాయుడి పేరే లేదు.

జరిగింది 1757 జనవరి 24న. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి మీదికి వెళ్లారు. కోట నిలవదని తేలాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ తామే చంపుకుని, చివరిదాకా పోరాడి చచ్చిపోయారు. బొబ్బిలి రాజు రంగారావు తుపాకీ గుండుకు పడిపోయాడు. మూడు రాత్రుల తర్వాత విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యాడు. వీటిమీద పెద్ద తగాదా లేదు. తగాదా అంతా తప్పెవరిదన్న దగ్గర.

ఓర్మ్ ఈస్టిండియా కంపెనీ మనిషి. 1773లో ఫ్రాన్సు వెళ్లి బుస్సీ ఇంట ఆతిథ్యం తీసుకున్నాడు. ఈ యుద్ధం వివరాలున్న రెండో సంపుటం 1778లో వచ్చింది. అందులో బుస్సీ తప్పు చేసినవాడు కాడు, విజయరామరాజు చేతిలో మోసపోయినవాడు. బుస్సీ సిపాయిల దండు మీద దాడి చేయించి, ఆ నెపం బొబ్బిలి మీదికి నెట్టింది విజయరామరాజేనట. కోట పడ్డాక శవాల గుట్టలు చూసి ఫ్రెంచివాళ్లు చలించిపోయారట. బతికిన రంగారావు పసికొడుకును ఒక ముసలివాడు తెచ్చి అప్పగిస్తే ఆదరించారట. అవి అబద్ధాలని నేననను. ఫిరంగులు పేల్చినవాడికి కంటతడి మిగిలిందనీ, నింద పూర్తిగా ఇంకొకరి ఖాతాలో పడిందనీ మాత్రం గమనించాలి. ఇక విజయరామరాజును చంపింది ఓర్మ్ లెక్కలో పేరులేని ఇద్దరు బొబ్బిలి సిపాయిలు. ఒంటిమీద 32 గాయాలు.

ఆ ఇద్దరికీ పేరూ ఊరూ చుట్టరికం ఇచ్చింది జంగాలు పాడిన బొబ్బిలి కథ. అందులో పాపారాయుడు రంగారావు భార్య రాణి మల్లమ్మకు అన్న. అతను సమయానికి రాలేకపోవడానికీ ఒక కారణం ఉంటుంది, పంపిన కబురు చేరదు. శ్రోతకు కావలసినవన్నీ దొరికాయి: ఒక చెల్లెలు, ఒక ద్రోహం, ఒక పగ. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 18వ శతాబ్ది చివర, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ రాశాడు. ఆయన్ను పోషించింది నరసరావుపేట మల్రాజు వారు. వాళ్లూ బొబ్బిలి వారిలాగే వెలమ దొరలు. పోషకుడి కులం చూసి కావ్యాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు గానీ, విజయనగరం దివాణంలో కూర్చుని రాసి ఉంటే పుస్తకం పేరు అది అయ్యేది కాదు.

తర్వాతి కథ చకచకా నడిచింది. సి.పి. బ్రౌన్ దొర బొబ్బిలి కథ వ్రాతప్రతి సేకరించాడు. వేదం వేంకటరాయశాస్త్రి నాటకం రాశాడు. బొబ్బిలి మహారాజా యుద్ధస్థలంలో స్మారక స్తంభం నిలిపి, వంశచరిత్రను ఇంగ్లీషులో అచ్చువేయించాడు. 1964లో ఎన్టీఆర్ రంగారాయుడిగా, ఎస్వీ రంగారావు పాపారాయుడిగా, భానుమతి మల్లమ్మగా తెరమీదికొచ్చాక ఇక ప్రశ్న అడిగే సందు లేకపోయింది. రాజనాల ముఖం చూసిన ప్రేక్షకుడికి విజయరామరాజు పక్షం వినాలని ఎందుకనిపిస్తుంది? 1986లో కృష్ణంరాజు సినిమాకు ఏకంగా పాపారాయుడి పేరే పెట్టారు.

ఈ మలుపుల్లో నన్ను ఎక్కువగా ఆపేది ఆడవాళ్ల చావు. ఓర్మ్ దాన్ని భయంకరంగా చిత్రించాడు: ఇళ్లకు నిప్పు, బయటికి పరుగెత్తబోయినవాళ్లకు కత్తిపోట్లు. మన కథల్లో అదే మానరక్షణ, ఆత్మార్పణ అయింది. ఓర్మ్‌కు ఈ దేశపు దొరల్ని మొరటువాళ్లుగా చూపించే అలవాటు ఉంది, నిజమే. అయినా పారిపోవాలని చూసిన ఆ తల్లులు మన పాటలో ఎక్కడా లేరు. పాట కట్టినవాడికి వాళ్లతో పని పడలేదు.

ఇంకో సంగతి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో తలపడి చిన విజయరామరాజు ప్రాణం విడిచాడు. ఏ విజయనగరం పూసపాటి వంశం మన మనసులో ద్రోహానికి మారుపేరైందో ఆ వంశంవాడే, తెల్లవాళ్లకు తలవంచనని నేలకొరిగాడు. పద్మనాభం మీదా పాటలు పుట్టాయి. కానీ వాటికి బొబ్బిలికి దొరికినంత మంది గాయకులు, అంత పెద్ద కవి, అంత పెద్ద తెర దొరకలేదు. విజయనగరం నుంచి భీమిలి వైపు వెళ్లేవాళ్లు దారిలో పద్మనాభం దగ్గర ఆగి, అక్కడి పెద్దవాళ్లను ఆ యుద్ధం గురించి ఒక మాట అడిగి చూడండి.