గుమ్మడి జాతి పాదుల్లో పరాగ సంపర్క లోపం

గుమ్మడి, బీర, సొర, జుకినీ వంటి పాదుల్లో ఆడపూలకు చాలినంత పుప్పొడి అందక పిందెలు పసుపుబారి రాలడం, లేదా కాయలు వంకర తిరగడం పరాగ సంపర్క లోపం. ఈ పాదుల్లో సాధారణంగా మగపూలు, ఆడపూలు విడివిడిగా ఒకే తీగకు పూస్తాయి. మొదట వచ్చేవి మగపూలే కాబట్టి తొలి రోజుల్లో కాపు లేకపోవడం లోపం కాదు. పిందెలో పురుగు కనిపిస్తే కారణం చాలావరకు పండుఈగ.

శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి వంటి మెట్ట ప్రాంతాల్లో వేసవి ఎండకు మగపూలు పెరిగి ఆడపూలు తగ్గుతాయి. పుప్పొడి శక్తి కూడా క్షీణిస్తుంది. గుమ్మడి, జుకినీ పూలు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. ఆ వేళలో పురుగుమందు చల్లితే తేనెటీగలు దూరమవుతాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి రెక్కల పురుగులూ అవసరం.

ఆడపూలు పెరిగేందుకు 2–4 ఆకుల దశలో లీటరు నీటికి 3–4 గ్రాముల బోరాక్స్ పిచికారీ సిఫారసులో ఉంది. పెరటి పాదుకు అంతకన్నా నమ్మకమైనది చేతి సంపర్కం: అప్పుడే విచ్చిన మగపువ్వు రేకలు తీసి, కేసరాన్ని ఆడపువ్వు కీలాగ్రానికి అద్దుతారు. గుమ్మడికి ఉదయం, సొరకు సాయంత్రం.