నిర్వాత విజ్ఞానం – స్వామి జ్ఞానానంద

మాధవరం అనగానే చెన్నై నగరవాసులకు మొదట స్ఫురించేది మిల్క్ కాలనీ. పాలను పొయ్యి మీద కాచి కోవా చేసే ప్రతి గృహిణికీ తెలిసిన చిక్కు ఒకటి ఉన్నది. నీరు ఇగిరేలోగా పాలు అడుగంటుతాయి, రంగు మారుతుంది, మాడు వాసన వేస్తుంది. 1856లో అమెరికాలో గెయిల్ బోర్డెన్ అనే వ్యక్తి ఈ చిక్కును తప్పించే ఉపాయానికి పేటెంటు పొందాడు. మూసిన పాత్రలోని గాలిని పంపుతో తోడివేస్తూ అందులో పాలను కాచడమే ఆ ఉపాయం. పాత్రలోని పీడనం వాతావరణ పీడనంలో అయిదవ వంతుకు తగ్గితే నీరు 60 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది. పాలపొడి తయారుచేసే కర్మాగారాలలో పాలను చిక్కబరచడానికి నేటికీ ఈ సూత్రమే ఆధారం.

గాలిని తీసివేసిన చోటును శాస్త్ర పరిభాషలో నిర్వాతం అంటారు. ఈ నిర్వాతాన్ని సాధించడం ఎట్లా, కొలవడం ఎట్లా, నిలుపుకోవడం ఎట్లా అనే విషయాలపై 1947లో న్యూయార్కులోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ఒక ఆంగ్ల గ్రంథాన్ని ప్రచురించింది. దాని పేరు ‘హై వాక్యువా’. దాని రచయిత గోదావరి మండలంలో పుట్టిన తెలుగువాడు, అందునా సన్యాసి. ఆయనే స్వామి జ్ఞానానంద.

ఆ గ్రంథం విలువ తెలియాలంటే దానికి వెనుకనున్న మూడు శతాబ్దాల కథను కొంత స్మరించుకోవాలి. 1643లో ఇటలీలో టారిసెల్లీ పాదరసం నింపిన గాజు గొట్టాన్ని తలక్రిందులుగా నిలిపినప్పుడు, పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగి, దానిపైన ఖాళీ ఏర్పడింది. ప్రకృతి శూన్యాన్ని సహించదని చెప్పుకుంటూ వచ్చిన పండితులకు అది పెద్ద దెబ్బ. తరువాత కొద్ది సంవత్సరాలకే జర్మనీలో ఆటో ఫాన్ గెరిక్ రెండు రాగి అర్ధగోళాలను అంచుకు అంచు చేర్చి, లోపలి గాలిని తోడివేసి, ఇరువైపులా గుర్రాలను కట్టి లాగించాడు. గోళాలు ఊడి రాలేదు. పాఠ్యపుస్తకాలు గుర్రాల బొమ్మ వేసి ఊరుకుంటాయి. కాని అర్ధగోళానికి అమర్చిన చిన్న కుళాయిని తిప్పి గాలిని లోనికి వదలగానే గుర్రాల అవసరం లేకుండానే గోళాలు విడిపోతాయన్న సంగతి గమనింపదగినది. నిర్వాత విజ్ఞానంలో బలం పంపుదైతే, అధికారం కవాటానిది.

కవాటం అనే మాటకు తలుపు అని అర్థం. తెలుగు వైద్యులు గుండె తలుపులకూ, ఇంజనీర్లు వాల్వుకూ ఈ మాటనే వాడడం సముచితంగానే ఉన్నది. సైకిలు ట్యూబు వాల్వు గాలిని బయటికి పోనీయదు. నిర్వాత కవాటం గాలిని లోనికి రానీయదు. రెండవ పని మొదటిదానికంటె ఎన్నో రెట్లు కష్టం. ట్యూబులో గాలి కొంచెం తగ్గినా బండి నడుస్తుంది. నిర్వాత పాత్రలోకి సూది మొనంత సందులోనుంచి గాలి చొరబడినా ప్రయోగం చెడుతుంది.

వాల్వు అనే మాటకు పాత తరంవారికి మరొక అర్థం కూడా తెలుసు. 1904లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఫ్లెమింగ్, విద్యుత్తును ఒకే దిక్కుగా పోనిచ్చే గాజు బుడ్డిని తయారుచేసి దానికి వాల్వు అని పేరు పెట్టాడు. మీట నొక్కిన కొంతసేపటికి గాని పలకని పాత వాల్వు రేడియోలు ఆ కుటుంబానివే. అటువంటి వాల్వు నెత్తిన లోపలివైపు అద్దంలా మెరిసే మచ్చ ఒకటి కనిపించేది. అది మిగిలిపోయిన గాలి అణువులను పట్టి బంధించడానికి పూసిన బేరియం పూత. ఆ మచ్చ తెల్లబారితే వాల్వులోకి గాలి చేరిందని రేడియో మరమ్మతుదారుడు చూడగానే చెప్పగలిగేవాడు. నిర్వాతం మంచిచెడ్డలను కంటితో పసిగట్టిన ఆ మనుషులను సాంకేతిక నిపుణులని ఎవరూ గౌరవించినట్లు లేదు.

స్వామి జ్ఞానానంద పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామంలో జన్మించారు. అప్పటికి ఆ సీమ చెన్నపట్టణం రాజధానిగా ఉన్న మద్రాసు రాష్ట్రంలోనిదే. యౌవనంలోనే ఇల్లు విడిచి, సన్యసించి, యోగసాధనలో సంవత్సరాలు గడిపారు. 1920ల చివర జర్మనీ వెళ్ళినది కూడా ఆధ్యాత్మిక కార్యం మీదనే. డ్రెస్‌డెన్‌లో భారతీయ తత్త్వం మీద ఉపన్యాసాలిస్తూనే ఆధునిక భౌతికశాస్త్రం వైపు ఆకర్షితులై, గణిత భౌతిక శాస్త్రాలు నేర్వసాగారు. ముప్పది యేండ్లు దాటిన వయసులో, పరాయి భాషలో, పిన్నవయస్కులైన విద్యార్థుల సరసన కూర్చుని చదువు మొదలుపెట్టడం ఎట్టి సాహసమో ఊహించవచ్చు.

అటుపై ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో డొలెయ్‌షెక్ అనే ఆచార్యుని వద్ద ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధించి డాక్టరేటు పొందారు. నిర్వాతంతో ఆయన సహవాసం ఆ రంగానికి సహజమైనదే. తరంగదైర్ఘ్యం ఎక్కువైన ఎక్స్ కిరణాలను గాలి మ్రింగివేస్తుంది. వాటిని పరిశీలించే పరికరం నుండి గాలిని పూర్తిగా తోడివేయక తప్పదు. తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రానును కనుగొని నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ చాడ్విక్ ఆచార్యుడుగా ఉన్న చోట, బీటా కిరణాలపై పరిశోధన సాగించారు. బీటా కిరణాలంటే పరమాణు కేంద్రకం నుండి వెలువడే ఎలక్ట్రానులు. అయస్కాంత క్షేత్రంలో అవి ఎంత వంగినదీ కొలిచి వాటి శక్తిని నిర్ణయిస్తారు. దారిలో గాలి అణువులు అడ్డుపడితే ఎలక్ట్రాను పక్కకు చెదరి, లెక్క తప్పుతుంది. చివరకు అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం చేరారు.

ఇంతకూ ఎంత ఖాళీ కావాలి? సాధారణ వాతావరణంలో ఒక గాలి అణువు సెంటీమీటరులో లక్షవ వంతు దూరమైనా పోకముందే మరొక అణువును ఢీకొంటుంది. పీడనాన్ని పాదరస మిల్లీమీటరులో పదిలక్షవ వంతుకు తగ్గిస్తే అదే అణువు సగటున సుమారు 50 మీటర్లు అడ్డులేకుండా పోగలదు. అప్పటికీ ఘన సెంటీమీటరుకు మూడువేల కోట్లకు పైగా అణువులు మిగిలే ఉంటాయి. సంపూర్ణ శూన్యం మానవుని చేతికి చిక్కేది కాదు.

ఇంతటి నిర్వాతం ఒక్క పంపుతో సాధ్యపడదు. మొదట నూనెలో తిరిగే రోటరీ పంపు ముతక పని చేస్తుంది. ఆపైన 1915, 1916 సంవత్సరాలలో గేడే, లాంగ్‌మ్యూర్ అనేవారు రూపొందించిన విసరణ పంపు అందుకుంటుంది. ఇందులో మరిగే పాదరసం నుండి గాని, 1928 తరువాత వాడుకలోకి వచ్చిన ప్రత్యేకమైన నూనె నుండి గాని వెలువడే ఆవిరి ధార, అణువులను క్రిందికి నెట్టుకుపోతుంది. ఈ పంపు తాను పట్టిన గాలిని నేరుగా బయటికి విడువలేదు, రోటరీ పంపుకు అందించవలసినదే. కనుక పాత్రకూ రెండు పంపులకూ నడుమ మూడు కవాటాలు అవసరం. వాటిని తెరచి మూసే వరుస ఒక నియమం. పాత్రను మొదట రోటరీ పంపుతో ఖాళీ చేసి, ఆ దారి మూసి, రోటరీ పంపును విసరణ పంపు వెనుకకు కలిపి, అప్పుడు గాని పెద్ద కవాటాన్ని నెమ్మదిగా తెరవరాదు. వరుస తప్పి కాగిన నూనె మీదికి గాలి వదిలితే నూనె మాడి నల్లబడుతుంది, దాని ఆవిరి పాత్రనంతా పాడుచేస్తుంది. వారం రోజుల శ్రమ ఒక్క చేతి విసురుతో పోతుంది. హఠాత్తుగా కరెంటు పోతే రోటరీ పంపులోని నూనె వెనుకకు ఎగబాకకుండా, తనంతట తానే మూసుకుని పంపులోకి గాలి వదిలే అయస్కాంత కవాటం కూడా ఉండాలి. కరెంటు కోతలు ఎరిగిన వారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

చిల్లు వెదకడం మరొక విద్య. అనుమానమున్న అతుకు మీద దూదితో ఆల్కహాలు గాని అసిటోను గాని అద్ది, పీడనమాపకం ముల్లు కదులుతుందేమో చూసేవారు. గాజు పరికరమైతే అధిక విద్యుత్ పీడనపు మెరుపును దాని మీదుగా నడిపించేవారు. సూది బెజ్జం ఉన్న చోటికి మెరుపు తనంతట తానే పోయి గుచ్చుకుంటుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అణు కార్యక్రమంలో హీలియం వాయువుతో చిల్లులు పట్టే పరికరాలు వచ్చాయి. జ్ఞానానంద గ్రంథం వెలువడినది ఈ రంగం గాజు కుళాయిల నుండి లోహపు కవాటాలకు మారుతున్న ఆ సంధికాలంలోనే.

1947లో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. కె.ఎస్. కృష్ణన్ సంచాలకుడుగా ఢిల్లీలో రూపుదిద్దుకుంటున్న జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1954లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడ 1956లో కేంద్రక భౌతికశాస్త్ర విభాగం ఏర్పడింది. స్వామి 1969లో పరమపదించారు. ఆ విభాగపు ప్రయోగశాలలకు ఆయన పేరు పెట్టారు.

ఆయనను భక్తితో తలచేవారు యోగిగా తలుస్తారు, విద్యావంతులు కేంద్రక శాస్త్రజ్ఞుడుగా స్మరిస్తారు. పంపులు, కవాటాలు, పీడనమాపకాల మీద గ్రంథం వ్రాసిన జ్ఞానానందను మాత్రం రెండు వర్గాలవారూ ఇంచుమించు మరచారు. సిద్ధాంతానికి దక్కే గౌరవం పనిముట్టుకు దక్కకపోవడం ఈ దేశంలో పాత జాడ్యమే. ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు గాజు గంట కింద విద్యుత్ గంట ఉంచి, గాలి తీయగా శబ్దం సన్నగిల్లడం చూపించే వేళ, పంపు అడుగున గ్రీజు రాసి కూర్చిన సహాయకుని ప్రస్తావన పాఠంలో ఉండదు. ఆ గ్రీజు సరిగా లేకపోతే పాఠమే లేదు.

స్వామి మరణించిన మరుసటి సంవత్సరమే, 1970లో, భారత నిర్వాత సంఘం ఏర్పడింది. 1971లో చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో రియాక్టర్ పరిశోధన కేంద్రం మొదలైంది. అదే యేడు అక్టోబరులో, మాధవరం మీదుగా ఉత్తరానికి పోయే జి.ఎన్.టి. రోడ్డున సూళ్ళూరుపేటకు చేరువనున్న శ్రీహరికోట నుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. కల్పాక్కం ప్రయోగాత్మక రియాక్టరు 1985లో పనిచేయనారంభించింది. అటువంటి రియాక్టర్లలో వేడిని మోసే ద్రవ సోడియానికి గాలి తగిలితే మండుతుంది. అందుచేత అక్కడి కవాటాల కాడ చుట్టూ అకార్డియన్ మడతల వంటి పలుచని లోహపు గొట్టాన్ని అతికి ఉంచుతారు. కాడ కదిలినప్పుడు మడతలు సాగి ముడుచుకుంటాయే తప్ప ఎక్కడా సందు ఏర్పడదు. ప్రయోగశాలలలోని నిర్వాత కవాటాలకు వాడేదీ ఆ మడతల గొట్టమే.