పాడితే ప్రాణం పోయే పిల్ల

నవ్వించేవాళ్ళను లోకం ఎంత ప్రేమిస్తుందో అంత తేలికగానూ చూస్తుంది. పారిస్ నగరాన్ని ఇరవై ఏళ్ళకు పైగా నవ్వించిన జాక్ ఒఫెన్‌బాక్‌కు ఈ సంగతి బాగా తెలుసు.

1819లో జర్మనీలోని కొలోన్‌లో పుట్టి, కుర్రతనంలోనే పారిస్ చేరాడాయన. దేవతలను కూడా ఆటపట్టిస్తూ వందకు దగ్గరగా హాస్య సంగీత నాటికలు రాశాడు. పేరొచ్చింది. కానీ గంభీరమైన ఒపెరాతో మెప్పు పొందాలన్న కోరిక తీరలేదు. ఒపెరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టమనుకోండి. కథ పాటల మీద నడుస్తుంది.

చివరికి, జబ్బుతో శరీరం చిక్కిపోయిన రోజుల్లో, 'హాఫ్‌మన్ కథలు' చేపట్టాడు. హాఫ్‌మన్ నిజంగా ఉన్న మనిషే. విచిత్రమైన కథలు రాసి 1822లో కన్నుమూసిన జర్మన్ రచయిత. ఆయన కథల్లోకి ఆయన్నే నాయకుడిగా దించారు.

కవి హాఫ్‌మన్ తాగుతూ కూర్చుని తన మూడు ప్రేమలు చెప్పుకుంటాడు. ఒలింపియా, తీరా చూస్తే, కీ ఇస్తే పాడే బొమ్మ! వేశ్య జూలియెట్టా అద్దంలోని అతని నీడనే దొంగిలిస్తుంది. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆంటోనియా. గాయని అయిన తల్లి నుంచి గొంతూ వచ్చింది, జబ్బూ వచ్చింది. పాడితే ప్రాణం పోతుంది. తండ్రి వద్దంటాడు. హాఫ్‌మన్ కూడా పాడనని మాట తీసుకుంటాడు. ఇద్దరిదీ ప్రేమే, కాదనలేం. ఇంతలో ఒక మాయ వైద్యుడు వచ్చి, ఇంత విద్యనూ సంసారం కోసం పాతిపెడతావా అని రెచ్చగొడతాడు. చనిపోయిన తల్లి గొంతు వినిపిస్తాడు. ఆ పిల్ల పాడుతుంది, పాడి పాడి ప్రాణం విడుస్తుంది.

తేడా చూశారా? ప్రేమలన్నీ పోయాక హాఫ్‌మన్‌ను ఓదార్చడానికి కవితాదేవి దిగి వచ్చింది. ఆంటోనియాకు ఏ దేవీ రాలేదు. అతనికి దుఃఖంలోంచి కవిత్వం మిగిలితే, ఆమెకు రెండే దారులు: పాడి చావడం, పాడకుండా బ్రతకడం. సంసారం కోసం గొంతు దాచుకున్న ఆడపిల్లలు ఏ దేశంలో లేరు కనుక?

ఒఫెన్‌బాక్‌దీ చివరికి ఆంటోనియా కథే అయింది. పని ముగియకుండానే 1880 అక్టోబర్ 5న పోయాడు. మిగిలినది గిరో అనే మరో సంగీతకారుడు పూర్తి చేశాడు. 1881 ఫిబ్రవరి 10న పారిస్‌లో తొలి ప్రదర్శన. జూలియెట్టా అంకాన్నే ఎత్తేశారు, అయినా జనం మెచ్చారు. అదే ఏడు డిసెంబర్ 8న వియన్నాలో ఈ నాటకానికి తెర లేవబోతుండగా థియేటర్ అంటుకుని వందలమంది చనిపోయారు. అపశకునపు నాటకమని కొన్నేళ్ళు భయపడ్డారు పాపం.

భయం పోయింది, నాటకం నిలిచింది. ఆయన రాతప్రతులు తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంటే, పండితులు దాన్ని మళ్ళీ మళ్ళీ కూరుస్తూ వచ్చారు. ఆయన రంగస్థలం మీద చూసుకోలేకపోయిన ఆ నాటకాన్ని లోకం ఇప్పటికీ టిక్కెట్టు కొని చూస్తోంది.